తొట్టికి నీళ్లు తగలరాదు

కొల్లిమర్ల చర్చిలో బాప్తిస్మపు తొట్టికి చరిత్ర ఉందని నతానియేలు మాస్టారు రిటైరయ్యేదాకా ఎవరికీ తెలియదు. తెలియనన్నాళ్లూ ఆ ఊళ్లో పుట్టిన పిల్లలంతా అందులోని నీళ్లతో నెత్తి తడుపుకుని, గుక్కపట్టి ఏడ్చి, పేరు పెట్టించుకుని ఇంటికి పోయేవారు. పడమటి గుమ్మం పక్కన, రాతి కాలు మీద, పెద్ద రోలంత ఉండేదా తొట్టి. వానాకాలంలో గొడుగులు దానికే ఆనించేవారు. ప్రసంగం సాగిన ఆదివారాల్లో ఆడవాళ్లు చంటిపిల్లల్ని దాని అంచున కూర్చోబెట్టి ఆడించేవారు. అదొక తొట్టి. దాని పనేదో అది చేసుకునేది.

మాస్టారు బతుకంతా హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పినవారు. రిటైరయ్యాక చెప్పే నోరు మిగిలింది, వినే పిల్లలు పోయారు. దాంతో ఆ భారం భార్య సలోమమ్మ మీద పడింది. పాలు కాచుకుంటూ, బియ్యం ఏరుకుంటూ ఆవిడ పానిపట్టు యుద్ధాలన్నీ విన్నది. మళ్లీ మొదటి యుద్ధం దగ్గర్నించి ఎత్తుకుంటుంటే, "ఏవండీ, గుడి వందేళ్ల పండక్కి మిమ్మల్ని ఏదో రాయమన్నారంట గదా. అది రాసుకోరాదూ," అంది. ఆ ఒక్క మాటతో ఆవిడ తన పెళ్లినాటి ఇత్తడి పళ్లాన్ని పోగొట్టుకుంది. అదెట్లాగో వస్తున్నా.

సంఘం వాళ్లు అడిగింది ఒక్క పేజీ. మాస్టారు పుస్తకమే మొదలుపెట్టారు. 'కొల్లిమర్ల బాప్తిస్మపు తొట్టుల సమగ్ర చరిత్ర' అని పేరు ముందే పెట్టేసి, అట్ట మీద వేయించే అక్షరాలు కూడా ఎంచుకున్నాక, చూసుకుంటే ఊళ్లో ఉన్నది ఒక్కటే తొట్టి.

ఉన్న ఒక్కదాని చరిత్రయినా పరువుగా ఉందా అంటే అదీ అంతంతమాత్రం. ఇంగ్లండులో లిటిల్ హార్స్‌బీ అనే పల్లెటూరి చర్చిలో పుట్టింది. అక్కడ రాజులకూ పాదిరీలకూ ఏదో తగువొచ్చినప్పుడు దాన్ని బయటికి ఈడ్చి పారేశారు. ఒక రైతు తీసుకుపోయి పందులకు మేత పెట్టుకున్నాడు. ఆయన మునిమనవడి కాలంలో ఊళ్లో మళ్లీ భక్తి పెరిగి, కడిగి చర్చిలో పెట్టారు. ఆ తరవాత ఊరి జమీందారు చలవరాతి తొట్టి చేయిస్తే, పాతదాన్ని ఏం చేయాలో వాళ్లకు తోచకపోతే, ఆ ఊరివాడే అయిన మిషనరీ పెంబర్టన్ దొర దాన్ని ఓడెక్కించి కొల్లిమర్లకు తెచ్చాడు. అంటే వాళ్లు వద్దనుకున్నది మనకు వచ్చింది. మాస్టారు అట్లా రాస్తారా? పందుల దొడ్డి సంగతిని "కొంతకాలము వ్యవసాయసేవలో గడిపెను" అని రాశారు.

ఇంత చేసినా పుస్తకం పలచగానే ఉంది. దాన్ని లావు చేయడానికి మాస్టారు వేరే తొట్లు వెతికారు. రాతితొట్టి రాకముందు దొర మట్టిముంతతో బాప్తిస్మాలు ఇచ్చాడట. ఒక ఏడు తొట్టి కన్నం పూడుకుపోతే ఎవరింటి నుంచో కంచుగిన్నె తెచ్చారట. ముంత పగిలిపోయింది, గిన్నె ఎటుపోయిందో తెలియదు, కానీ రెండు అధ్యాయాలు వచ్చాయి. అయితే ముంతను తొట్టి అంటే జనం ఒప్పుకోవద్దూ? అందుకని మొదటి పేజీలోనే ఒక నిర్వచనం ఇచ్చేశారు, కాస్త బరువుగా ఉంటుందని గ్రాంథికంలో: "బాప్తిస్మజలము ఒక్కపరి సోకిన ప్రతి పాత్రయు, ఆ క్షణము మొదలుకొని బాప్తిస్మపు తొట్టియే యగును."

సలోమమ్మకు చదివి వినిపించారు.

"అంటే మనింట్లో చెంబు కూడా తొట్టేనా?"

"అందులో నీళ్లు పోసి బాప్తిస్మం ఇస్తే తొట్టే."

"ఇవ్వలేదుగా. ఇటివ్వండి, కాళ్లు కడుక్కోవాలి," అందావిడ.

మాస్టారి కూతురు కెజియాను ఇచ్చింది పక్క ఊరి ఏసురత్నం గారింట్లో. మాస్టారి వాళ్లది చల్లే సంఘం. పిల్ల పుట్టిన కొద్ది నెలలకే నెత్తిమీద నీళ్లు చల్లి పేరు పెడతారు. ఏసురత్నం గారిది ముంచే సంఘం. పెద్దయ్యాక, నమ్మకం కుదిరాక, కాలవలో నిలువునా ముంచుతారు. పెళ్లిమాటల్లో మిగతావన్నీ సాఫీగా కుదిరాయి గానీ, పుట్టబోయే బిడ్డను చల్లాలా ముంచాలా అన్న దగ్గర వండిన కూరలు వండినట్టే ఉండిపోయాయి. చివరికి రాజీ కుదిరింది. తొలిబిడ్డకు ఏడాది నిండే రోజుకల్లా కొల్లిమర్ల పాస్టరు చేతిమీదుగా నీళ్లు పడితే ఆ బిడ్డ చల్లే సంఘానిది, పేరు మాస్టారు పెట్టింది. ఏడాది దాటితే బిడ్డ ముంచే సంఘానిది, పేరు వియ్యంకుడు పెట్టింది.

ఆడపిల్ల పుట్టింది. మాస్టారు తన తల్లి పేరు, సంతోషమ్మ అని అనుకున్నారు. కొడుకును చదివించడానికి ఆవిడ పడని పాటు లేదు. ఊరంతా ఆవిడను మర్చిపోయింది, ఆ పేరుతో ఒక మనిషి మళ్లీ ఆ ఇంట్లో తిరగాలని ఆయన ఆశ. ఏసురత్నం గారు షారన్ బ్లెస్సీ అని ఎంచి పెట్టుకున్నారు. ఈలోగా పిల్లను అందరూ పాపాయి అని పిలుస్తున్నారు.

వందేళ్ల పండగనాడు పుస్తకం విడుదలైంది. ముఖ్య అతిథి డాక్టర్ క్షేమానందం గారు. ఆయన డాక్టరేటు కోళ్ల దాణా మీద. అయినా జిల్లా చర్చిలన్నిటికీ పెద్దదిక్కయిన డయాసిస్ వారి వారసత్వ పవిత్రోపకరణ సంరక్షణ ఉపసంఘానికి కన్వీనరు ఆయనే. ఉపసంఘం పుట్టి చాలాకాలమైంది గానీ సంరక్షించడానికి ఏమీ దొరక్క ఖాళీగా ఉంది. తొట్టి పక్కనే వేసిన వేదిక మీద పుస్తకం తిరగేస్తూ తిరగేస్తూ ఆయన లేచి నిలబడ్డారు.

"సోదరీ సోదరులారా, శతాబ్దాల ప్రాచీనత గల ఈ శిలాఖండమును మనము ఇన్నాళ్లూ తడుపుతూ వచ్చామన్న కఠోర సత్యం ఈ గ్రంథం ద్వారా నాకు తెలిసింది," అని కళ్లు తుడుచుకున్నారు. తుడుచుకునేటప్పుడు బొట్టు తొట్టిలో పడకుండా ఒక అడుగు వెనక్కి వేశారు.

వారం తిరక్కుండా ఉపసంఘం ఉత్తర్వు వచ్చింది. తొట్టి చుట్టూ ఎర్ర పట్టుతాడు. తాడుకు బోర్డు: 'వారసత్వ సంపద. నీరు తగలరాదు.' తాడు కట్టే కార్యక్రమానికి మాస్టారే ముఖ్య అతిథి. ముడి కూడా ఆయనే వేశారు. ముడి బాగా బిగుసుకుందా లేదా అని రెండుసార్లు లాగి చూశారు కూడా.

ఆ మర్నాడే కెజియా పాపాయిని ఎత్తుకుని వచ్చింది. "నాన్నా, వచ్చే ఆదివారం పెట్టేసుకుందామా? అయ్యగారితో మాట్లాడతావా?"

అయ్యగారంటే పాస్టరు జయశీలం గారు. మెత్తటి మనిషి. ఎవరు ఏమన్నా "అలాగే ప్రార్థన చేద్దాం" అంటారు. మాస్టారు వెళ్లి అడిగితే ఆయన తాడు వంక చూసి, బోర్డు వంక చూసి, "నీళ్లు లేకుండా ఇవ్వాలంటే కొంచెం కష్టం మాస్టారూ. అయినా ప్రార్థన చేద్దాం," అన్నారు.

"పుస్తకం రాసినవాణ్ణి, నేను అడిగితే కాదంటారా? ప్రత్యేక అనుమతి తెస్తాను. పట్టుకుంటే రాతితొట్టినే పట్టుకోవాలి," అని మాస్టారు బస్సెక్కారు.

ఉపసంఘం ఆఫీసులో క్షేమానందం గారు టీ ఇప్పించి, సావధానంగా విన్నారు.

"మాస్టారూ, మీకు అపోహ ఏర్పడింది. సదరు తొట్టియందు బాప్తిస్మం ఇవ్వరాదని మేము ఎక్కడా అనలేదు. సదరు తొట్టియందు నీరు ఉండరాదని మాత్రమే అన్నాము."

"నీళ్లు లేకుండా బాప్తిస్మం ఎట్టా అయిద్దండీ?"

"అది వేదాంతపరమైన ప్రశ్న. మా పరిధి రాయి వరకే." కాసేపు ఆలోచించి, "కావలసిన పక్షంలో తొట్టి పక్కన తాత్కాలిక పాత్ర నొకదాన్ని ఏర్పాటు చేసుకోవచ్చును. అనుమతి ఇస్తున్నాం," అన్నారు.

తాత్కాలిక పాత్ర కోసం మాస్టారు ఇంట్లో ఇత్తడి పళ్లెం అడిగారు. అది సలోమమ్మకు పుట్టింటివాళ్లు పెట్టింది. చింతపండుతో తోమి తళతళలాడించి ఇచ్చిందావిడ. అయితే ఆ ఆదివారం మాస్టారు మనవరాల్ని తేలేదు. రాతితొట్టికి అనుమతి రేపోమాపో వస్తుందని ఆయన నమ్మకం. ఇత్తడి పళ్లెంలో ఎవరి పిల్లలైనా తడుస్తారు, సమగ్ర చరిత్ర రాసినవాడి మనవరాలికి ఇంగ్లండు రాయి ఉండాలి గదా. పళ్లెంలో సంఘపెద్ద ఇశ్రాయేలు గారి మనవడికి బాప్తిస్మం అయింది.

ఆరాధన అయ్యాక సలోమమ్మ పళ్లెం తీసుకోబోతే ఒక కుర్రాడు అడ్డం వచ్చాడు. ఉపసంఘం వారి క్షేత్ర పరిశీలకుడు ప్రసన్నకుమార్. మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. చేతిలో టేపు, సంకలో మాస్టారి పుస్తకం.

"అది ముట్టుకోకూడదమ్మగారూ. ఇప్పుడది తొట్టి."

"తొట్టేందిరా, నా పళ్లెం అది."

"మొదటి పేజీ చూడండమ్మగారూ. 'ఒక్కపరి సోకిన ప్రతి పాత్రయు.' మాస్టారే రాశారు." పళ్లాన్ని టేపుతో కొలిచి, మెత్తటి గుడ్డతో తడి తుడిచి, దాని చుట్టూ కూడా ఎర్రతాడు కట్టాడు.

సలోమమ్మ మొగుడి వంక ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు పానిపట్టు యుద్ధాలు ఏమూలకూ రావు.

తరవాత ఆదివారం ఇంకొకరి పిల్లకు స్టీలు గిన్నె. ఆరాధన అయ్యేసరికి అదీ తొట్టి. ఆ పై వారం కుక్కరు మూత, ఆ పైన ఐస్‌క్రీము డబ్బా, మిక్సీ జారు. ఒక బిడ్డ నెత్తిన చల్లడానికి ఒక పాత్ర పోతుంది. చర్చి పడమటి వైపు గాజుపెట్టెలతో నిండిపోయింది. 'కుక్కరుమూత తొట్టి. సమకాలీన శైలి' అని చీటీ ఒకటి. ఇశ్రాయేలు గారు చందాలెత్తి దానికి లైటు కూడా పెట్టించారు. పొరుగూళ్ల స్కూలు పిల్లలు వరసగా వచ్చి చూసిపోతున్నారు. మాస్టారు బెత్తం పట్టుకుని చూపించేవారు, అదొక సంబరం ఆయనకు. పుస్తకం రెండో ముద్రణలో అధ్యాయాలు ఎక్కువైపోయి లావుగా తయారైంది. ఊళ్లో ఆడవాళ్లు మాత్రం ఆదివారం తెల్లారేసరికి వంటింటి తలుపులు వేసుకుంటున్నారు.

రాతితొట్టికి ప్రత్యేక అనుమతి వస్తూనే ఉంది, ఇంకా రాలేదు. పాపాయి బోర్లాపడింది, పాకింది, గోడ పట్టుకుని నిలబడింది.

"బావగారూ," అని ఏసురత్నం గారు ఫోన్ చేశారు. "మేం ముంచేవాళ్లం, మీరు చల్లేవాళ్లు అనుకున్నాం. ఇప్పుడు మీది చూపించే సంఘమా ఏంది?"

మాస్టారికి నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి, ఇంక రాయి మాట ఎత్తనని భార్య దగ్గర ఒప్పుకుని, ఒక స్టీలు గిన్నె తీసుకుని అయ్యగారింటికి వెళ్లారు. అప్పటికే అయ్యగారి చేతిలో రెండో ఉత్తర్వు ఉంది. చర్చిలో గాజుపెట్టెలకు చోటు చాలడం లేదు కనుక, ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, చరిత్ర లేని పాత్రలో ఇకమీదట బాప్తిస్మం చెల్లదు.

"చరిత్ర ఉన్న పాత్ర వాడుకోవచ్చు గదండీ, అయితే?" అన్నారు మాస్టారు.

గుమ్మంలో నిలబడ్డ ప్రసన్నకుమార్ ఇబ్బందిగా నవ్వాడు. "చరిత్ర ఉన్నదానికి నీళ్లు తగలకూడదు గదండీ మాస్టారూ. అది మొదటి ఉత్తర్వు."

"ఇంగ్లండు వాళ్లు ఎట్టా చేస్తున్నారో కనుక్కోండి," అని మాస్టారు ఉపసంఘాన్ని బతిమాలారు. క్షేమానందం గారికీ ఆ మాట నచ్చింది. లిటిల్ హార్స్‌బీ పాదిరీగారికి రాశారు. జవాబు త్వరగానే వచ్చింది. జమీందారు ఇచ్చిన చలవరాతి తొట్టి తమ దగ్గరే ఉందట, అందులో పూలమొక్కలు వేశారట. బాప్తిస్మాలకు వంటింట్లో పండ్లు కోసి పెట్టుకునే గాజుగిన్నె వాడుకుంటున్నారట. మీ తొట్టి ఇంకా ఉందా, చాలా సంతోషం, అందులో నీళ్లు బాగా నిలుస్తున్నాయా అని కూడా అడిగారు.

క్షేమానందం గారు ఆ జవాబు చదివి మడిచి ఫైలులో పెట్టారు. "ఇంగ్లండులో ఆంగ్ల సంప్రదాయం అంతరించింది. ఇక దాన్ని నిలబెట్టే బాధ్యత కొల్లిమర్లదే," అన్నారు. తాడు మార్చి గొలుసు వేయించారు.

"పోనీ కాలవకు పోదాం నాన్నా," అంది కెజియా. పాపాయికి ఏడాది నిండబోతోంది. "మావయ్యగారి వాళ్లు ముంచేది అక్కడేగా. మనం నాలుగు చుక్కలు చల్లుకుని వచ్చేద్దాం. కాలవ పాత్ర కాదుగా."

అయ్యగారు, మాస్టారు, కెజియా, పాపాయి బయలుదేరారు. కాలవ గట్టు మీద రైతులు కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ముందున్నది నాగభూషణం, మాస్టారితో రోజూ టీ తాగే మనిషి.

"మాస్టారూ, మీరంటే మాకు గౌరవం. కానీ ఇక్కడ పిల్ల నెత్తిన చుక్క పడటానికి వీల్లేదు."

"ఎందుకయ్యా?"

"పడితే కాలవ మొత్తం తొట్టి అయిపోయిద్దంటగా. తొట్టికి నీళ్లు తగలకూడదంటగా. పైనుంచి నీళ్లు ఆపేస్తే మా నాట్లు ఏమైపోవాల?"

"మా మావయ్యగారి వాళ్లు ఏళ్ల తరబడి ఇక్కడే ముంచుతున్నారుగదా?" అంది కెజియా.

"వాళ్ల సంఘంలో మీ నాన్నలాంటోళ్లు లేరమ్మా, పుస్తకాలు రాసేటోళ్లు," అన్నాడు నాగభూషణం, కోపం లేకుండానే.

ఏసురత్నం గారు కూడా తన సంఘం వాళ్లను వెంటబెట్టుకుని అవతలి గట్టున నిలబడి ఉన్నారు. "బావగారూ, తమరు ఇటు రాకండి. మా ముంపు కూడా మునిగిపోయిద్ది," అని కేకేశారు.

మాస్టారు వెనక్కి తిరిగారు. దారంతా తను రాసిన వాక్యాన్ని నోట్లోనే తిరగేసుకుంటున్నారు. 'ప్రతి పాత్రయు' బదులు 'కొన్ని పాత్రలు' అని రాసి ఉంటే పోయేదేముంది? పుస్తకం కాస్త పలచగా ఉండేది. అంతేగదా.

పాపాయి పుట్టినరోజు ఆదివారమే వచ్చింది. చర్చి కిటకిటలాడింది. బాప్తిస్మం చూద్దామని కాదు, మాస్టారు ఏం చేస్తారో చూద్దామని వచ్చారు. ముందు వరసలో ఏసురత్నం గారు తెల్లపంచె కట్టుకుని, పక్కన షారన్ బ్లెస్సీ అని పేరు రాయించిన కేకు పెట్టుకుని కూర్చున్నారు. గొలుసు పక్కన ప్రసన్నకుమార్ టేపుతో నిలబడ్డాడు. క్షేమానందం గారు స్వయంగా వచ్చి, "ఉపసంఘం తరఫున ఒక సౌకర్యం కల్పిస్తున్నాం," అని వెనకాల ఫ్లెక్సీ కట్టించారు. అందులో జలపాతం. "రాతితొట్టియందే, నీటిని మనోభావనతో స్వీకరించి, పొడి బాప్తిస్మం పొందవచ్చును."

అయ్యగారు పాపాయిని ఎత్తుకున్నారు. మెత్తటి మనిషికి కూడా ఎక్కడో ఒకచోట ఎముక ఉంటుంది. "పొడిది నేను ఇవ్వనండి," అన్నారు. "ఇన్నాళ్లూ ప్రార్థన చేశాను. నీళ్లు కావాలనే వచ్చింది జవాబు." అని తను ప్రసంగం మధ్యలో తాగే మంచినీళ్ల సీసా తీశారు.

ప్రసన్నకుమార్ చెయ్యి అడ్డం పెట్టాడు. "సీసాలోంచి నేరుగా పోస్తే సీసా తొట్టి అయిద్ది అయ్యగారూ. పొద్దున కొట్లో కొన్న సీసా, దానికి చరిత్ర ఏముంటది? చెల్లదు."

ఏసురత్నం గారు కేకు డబ్బా మూత సర్దుకున్నారు. కెజియా తలదించుకుంది. పాపాయి ఒక్కతే ఫ్లెక్సీలో జలపాతం కేసి వేలు చూపించి నవ్వుతోంది.

మాస్టారు లేచి వచ్చి, కుడిచెయ్యి పుడిసిలిలా వంచి అయ్యగారి ముందు పట్టారు.

"ఇందులో పోయండి."

"అది పాత్ర కాదు గదా మాస్టారూ," అన్నారు క్షేమానందం గారు.

"నీళ్లు నిలిచిందల్లా పాత్రే. నిర్వచనం రాసినవాణ్ణి నేను."

"కావచ్చును. కానీ దానికి చరిత్ర ఉండవలెను."

మాస్టారు ప్రసన్నకుమార్ వైపు తిరిగారు. "ఏరా, నువ్వు చెప్పు. ఈ చేతికి చరిత్ర ఉందా లేదా?"

వాడి ఎడమచెయ్యి తనంతట తనే పైకి వెళ్లి ఎడమచెవి పట్టుకుంది. "ఉందండీ," అన్నాడు. "నాకు తెలుసండీ." వెనక బెంచీల్లోంచి ఒకరు, ఇద్దరు, తరవాత ఆ ఊరి మగవాళ్లు సగంమంది, "ఉంది ఉంది," అన్నారు. అందరి చేతులూ చెవుల దగ్గరికే పోయాయి.

"చరిత్ర ఉన్నట్టు సాక్ష్యం వచ్చింది. సంపదగా ఇంకా ప్రకటించలేదు గనక తడవొచ్చు. పోయండయ్యగారూ, వాళ్లు ప్రకటించేలోపు."

అయ్యగారు ఆలస్యం చేయలేదు. సీసా వంచారు. ముసలి అరచేతిలో నీళ్లు నిలిచాయి, వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నాయి, అయ్యగారు అందులో వేళ్లు ముంచి, "సంతోషమ్మా, తండ్రి యొక్కయు కుమారుని యొక్కయు పరిశుద్ధాత్మ యొక్కయు నామమున నీకు బాప్తిస్మమిచ్చుచున్నాను," అని ఒక్క బిగిన అనేశారు. పిల్ల గుక్కపట్టింది. రెండో ఉత్తర్వు తరవాత ఆ చర్చిలో వినపడని ఏడుపు. సలోమమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమేన్ అన్నది అందరికంటే ముందు ఏసురత్నం గారే. పిల్లను ముట్టుకుని చూసి, "తడిసిందిలే బావగారూ, ఒప్పుకున్నాం," అని కేకు మీద పేరును చాకుతో చదునుచేశారు.

మాస్టారు మనవరాలి కోసం చేతులు చాపారు. కుడిచెయ్యి ముందుకు కదల్లేదు. ప్రసన్నకుమార్ దాన్ని పట్టుకుని ఉన్నాడు.

"క్షమించండి మాస్టారూ. ఒక్కపరి సోకింది గదండీ." వాడి టేపు నిటారుగానే సాగింది. పొడవు, వెడల్పు, లోతు కొలిచాడు. మెత్తటి గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడిచాడు. క్షేమానందం గారు ఎర్ర పట్టుతాడు మణికట్టుకు స్వహస్తాలతో చుట్టి, బోర్డు తగిలించారు. అప్పటిదాకా వచ్చిన తొట్లన్నిటిలోకీ అదే మేలైనదని ఆయన అభిప్రాయం. దాని చరిత్ర అదే చెప్పుకోగలదు.

ఆ పూట బిర్యానీ సలోమమ్మే కలిపి తినిపించింది. "చిన్నప్పుడు మీ అమ్మ పెట్టింది, ఇప్పుడు నేను. మధ్యలో చదువుకున్నారు గానీ ఏం లాభం?" అంది. చారు పోయవచ్చా లేదా అని ఉపసంఘానికి రాస్తే, చారులో నీటిశాతం తేల్చడానికి ఇంకో ఉపసంఘం వేశారు. పెరుగు మాత్రం గట్టిగా ఉంటే అభ్యంతరం లేదట. స్నానం చేసేటప్పుడు మాస్టారు కుడిచెయ్యి పైకెత్తి పట్టుకుంటే, దడి అవతల పోయేవాళ్లు తమనే దీవిస్తున్నారనుకుని దణ్ణం పెట్టి పోతున్నారు. మూడో ముద్రణకు చివరి అధ్యాయం ఎడంచేత్తో రాస్తున్నారు. వంకరటింకరగా వస్తోంది. వాక్యాలు మాత్రం చిన్నవయ్యాయి.

ఆదివారాలు ఆరాధన అయ్యాక మాస్టారు తొట్ల వరసలో, కుక్కరుమూతకూ మిక్సీ జారుకూ మధ్య కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఉత్తర్వు అది. సందర్శకులకు చెయ్యి చూపించాలి. సంతోషమ్మ ఆయన ఒళ్లోంచి దిగదు. ఒక ఆదివారం క్షేమానందం గారు పట్నం నుంచి పెద్దలను కొందరిని తీసుకొచ్చి, "ఇది మన సంగ్రహంలో ఏకైక సజీవ తొట్టి. ఆనాటి నుంచి ఒక్క చుక్కయినా తాకకుండా కాపాడుతున్నాం," అని వివరిస్తుండగా, మాస్టారి మొహం అదోలా వెలిగింది. పెద్దల్లో ఒకాయన వంగి చూశాడు. బోర్డు మీద అక్షరాలు చెదిరిపోతున్నాయి, పట్టుతాడు రంగు దిగుతోంది.

"మాస్టారూ, అది నీరా?" అన్నారు క్షేమానందం గారు.

ప్రసన్నకుమార్ ముక్కు ముందుకు పెట్టి వాసన చూసి, "నీరని చెప్పలేమండీ," అన్నాడు.

మాస్టారు చెయ్యి తియ్యలేదు. కింద పడకుండా ఇంకాస్త పుడిసిలి వంచి పట్టుకున్నారు. వెచ్చగా ఉంది. సంతోషమ్మ తన పని ముగించుకుని తాత మొహంలోకి చూసి నవ్వింది.